ముక్కలో కన్ను ఉందా?

పటమట రైతుబజారులో కొన్న పుదీనా కట్ట నుంచి ఆకు దూసుకుని, కాడలు చెత్తబుట్టలో వేయబోతుంటే మా అత్తగారు ఆపారు. "పారేస్తావెందుకమ్మా, గ్లాసుడు నీళ్లలో పెట్టు" అన్నారు. వారం తిరిగేసరికి నీళ్లలో మునిగిన కణుపుల దగ్గర తెల్లటి దారాల్లా వేళ్లు. ఆ ఉత్సాహంలో క్యారెట్ తలలు, ఉల్లి అడుగులు, కొత్తిమీర కాడలు అన్నీ గ్లాసుల్లోకి చేరాయి. నాలుగో అంతస్తు బాల్కనీ గట్టు నిండిపోయింది. సగం కుళ్లాయి.

ఏది బతికిందో ఏది కుళ్లిందో చూస్తే, కత్తిపీట మీద మిగిలిన ముక్క అసలు మొక్కలో ఏ భాగమన్నదే తేడా. పుదీనా కాడ కాండం. కొనమొగ్గలోనూ లేత ఆకుల్లోనూ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కాండం వెంట కిందికి దిగుతుంది. కాడను తెంపితే దారి తెగి అడుగున పోగుపడుతుంది. ఆ ప్రభావంతో అక్కడి కణాలు విభజన చెంది వేళ్లవుతాయి. బడి పుస్తకాల్లో వీటి పేరు అబ్బురపు వేళ్లు. పేరు పెట్టినవారెవరో గాని, చూసి పెట్టారు! 1928లో ఫ్రిట్స్ వెంట్ అనే డచ్ వృక్షశాస్త్రవేత్త ఓట్ మొలకల కొనలు కోసి అగర్ అనే జెల్లీ ముక్కల మీద ఉంచాడు. కొనల్లోంచి ఆ ముక్కల్లోకి దిగిన పదార్థం మొలకలను పెంచుతుందని చూపించాడు, ఆ పదార్థమే ఆక్సిన్. తీగబచ్చలి, పొన్నగంటి కూడా పుదీనా బాపతే, కణుపుంటే చాలు.

కొత్తిమీర అలా కాదు. కట్టలో మనం కాడ అనుకునేది చాలావరకు ఆకు తొడిమ. దానికి కణుపు లేదు, మొగ్గ లేదు. గ్లాసులో రెండు రోజులు నవనవలాడి వాడిపోతుంది.

ఉల్లి ఇంకా తమాషా. పొరలన్నీ ఆకులు. మనం కోసి పారేసే అడుగు బిళ్లే దాని కాండం, మొగ్గ ఉండేది దాని మీదే. అందుకే అడుగున అంగుళం మందాన ఉంచి కోయాలి. పది రోజుల్లో ఉల్లికాడలు లేస్తాయి. అయితే కాడ పెరిగే కొద్దీ పొరలు మెత్తబడి ఖాళీ అవుతుంటాయి. వట్టి నీళ్లలో అది బతికేది పాత డిపాజిట్ మీద. రెండు మూడు కోతలకు ఖాతా ఖాళీ. ఆలోపే మట్టిలోకి మార్చాలి. అన్నట్టు, గ్లాసుల్లో నీళ్లు రెండు రోజులకోసారి మార్చకపోతే ముందు పెరిగేవి దోమలే.

క్యారెట్ దుంప అంటే ఆ మొక్క తల్లివేరు. తల మీద ఉన్న కాస్త కాండం నుంచి ఆకులొస్తాయి, దుంప మాత్రం మళ్లీ ఊరదు. చలి తగిలితేగాని పూతకు రాదు గనక బెజవాడలో ఆ ఆశ కూడా తక్కువే. విచిత్రమేమిటంటే, 1958లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎఫ్.సి. స్టీవార్డ్ బృందం ఈ క్యారెట్ కణాల నుంచే మొత్తం మొక్కలను పెంచింది. ఆ కణాలకు వాళ్లు పోసిన పోషక ద్రవంలో కొబ్బరినీళ్లు ఉన్నాయి. వ్రతం రోజున కొబ్బరినీళ్లు మనింట్లోనూ మిగులుతాయి, సూక్ష్మక్రిములు చొరబడని గదే ఉండదు.

అల్లం, పసుపు కొమ్ములు నేలలోపలి కాండాలు. వాటి కళ్లు మొగ్గలు. దుగ్గిరాల వైపు రైతులు పసుపు వేసేది కొమ్ములతోనే. కిరాణా కొట్టులో కొన్న ఎండు కొమ్ము నాటితే మాత్రం రాదు. ఎండబెట్టే ముందు దాన్ని ఉడికిస్తారు, కన్ను అప్పుడే చచ్చిపోతుంది. పచ్చి కొమ్ము కావాలి. అల్లమైతే కన్నున్న ముక్కను మే నెలలో వెడల్పాటి కుండీలో, పడమటి ఎండ నేరుగా తగలని చోట పెట్టి, ఎనిమిది తొమ్మిది నెలలు ఓపిక పట్టాలి.

కొత్తిమీర కావాలంటే పోపులపెట్టెలో ధనియాలున్నాయి. ఒక్కో ధనియం రెండు గింజల జోడు. చపాతీ కర్రతో మెల్లగా నలిపి విడదీసి చల్లాలి. ఎండాకాలంలో చల్లితే నాలుగాకులు వేసీవేయకముందే పూతకొస్తుంది. నేను దీపావళి దాటాకే చల్లుతాను.