ఎనిమిదేళ్ల తర్వాత బిల్లు: విద్యుత్ కారు వారంటీ వెనుక కథ

2020 జనవరిలో టాటా విద్యుత్ కారు నెక్సాన్ ఈవీ వచ్చినప్పుడు బ్యాటరీకి, మోటారుకు 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. వారంటీ ఇచ్చారు. ఆ తొలి బండ్లకు 2028లో గడువు తీరుతుంది. బాగా తిరిగే బండికి అంత కాలం కూడా పట్టదు. ఇదే షరతున్న కారు రోజుకు 200 కి.మీ. చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే రెండేళ్ల ఎనిమిది నెలల్లోనే వారంటీ అయిపోతుంది.

ఆ 1,60,000 కి.మీ. నిజానికి దాదాపు లక్ష మైళ్లు. అమెరికాలో 1990 నాటి క్లీన్ ఎయిర్ చట్ట సవరణలు కెటలిటిక్ కన్వర్టర్ వంటి కాలుష్య నియంత్రణ భాగాలకు 8 ఏళ్లు, 80,000 మైళ్ల హామీని తప్పనిసరి చేశాయి. 2010 చివర్లో వచ్చిన నిస్సాన్ లీఫ్, షెవ్రొలే వోల్ట్ కార్లు తమ బ్యాటరీలకు 8 ఏళ్లు, లక్ష మైళ్లు ఇచ్చాయి. తర్వాత వచ్చిన కంపెనీల్లో చాలావరకు అదే కొలతను పట్టుకున్నాయి. కాబట్టి 8 ఏళ్లు నిండగానే బ్యాటరీ చచ్చిపోతుందన్న భయం అక్కర్లేదు. ఎనిమిదేళ్లన్నది కంపెనీ బాధ్యతకు గీసిన గీత, బ్యాటరీలోని సెల్స్ ఆయుష్షు కాదు.

ఆ గీత లోపల ఏమేం వస్తాయన్న గొడవ 2012లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో మొదలైంది. లీఫ్ బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. అక్కడి ఫీనిక్స్ నగరపు ఎండకు రెండేళ్లలోపే కొన్ని బండ్ల మీటరులో సామర్థ్యం గీతలు తగ్గాయి. అప్పటి వారంటీ తయారీ లోపానికే వర్తించేది, సామర్థ్యం తగ్గుదలకు కాదు. యజమానులు కోర్టుకెక్కాక, 12 గీతల్లో 9 కంటే తగ్గితే 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల వరకు బాగుచేసి ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. 2014లో కొత్త ప్యాక్ (సెల్స్ అన్నీ ఉన్న బ్యాటరీ పెట్టె) ధర 5,499 డాలర్లని ప్రకటించింది, అదీ పాతది తిరిగి ఇచ్చేస్తేనే. మన వేసవి కూడా ఫీనిక్స్‌కు మరీ దూరం కాదు. అందుకే వారంటీ పుస్తకంలో సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారన్న వాక్యాన్ని వెతికి చదవాలి.

మన దేశంలో 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా విద్యుత్ కారులో 6 వోల్ట్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎనిమిది ఉండేవి. ఒకటి పోతే ఆ ఒక్కదాన్నే విప్పి మార్చొచ్చు. లిథియం ప్యాక్‌తో ఆ వెసులుబాటు చాలావరకు పోయింది. వందకు దగ్గరగా సెల్స్ వరుసగా కలిసి 300 వోల్ట్లు దాటే ప్యాక్‌లో ఒక్క సెల్ బలహీనపడితే మొత్తం రేంజ్ దాని దగ్గరే ఆగిపోతుంది. డిశ్చార్జ్ అవుతున్నప్పుడు ఆ సెల్ ముందుగా అడుగంటుతుంది. మిగతా సెల్స్‌లో చార్జ్ ఉన్నా, బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) బండిని ఆపేస్తుంది. పాత ప్యాక్‌లో కొత్త మాడ్యూల్ (కొన్ని సెల్స్ కలిపిన భాగం) పెట్టినా సామర్థ్యం సరిపోలకపోతే బ్యాలెన్స్ కుదరదు. పైగా ప్యాక్ తెరవడానికి 1,000 వోల్ట్లను తట్టుకునే గ్లవ్స్ కావాలి, ప్యాక్ కరెంటు దారిని తెంచే సర్వీస్ ప్లగ్ తీశాక, చార్జ్ నిల్వ ఉంచుకునే కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి వోల్టేజి 60 వోల్ట్ల కంటే తగ్గిందని కొలిచి చూడాలి, మూసేటప్పుడు నీరు చొరకుండా కొత్త సీల్ వేయాలి. ఇంత శ్రమ, ఇంత పూచీ ఎందుకని సర్వీస్ సెంటర్లు ప్యాక్ మొత్తానికే ఎస్టిమేట్ రాసిన సందర్భాలున్నాయి. చెడింది లోపలి కాంటాక్టరో (కరెంటును కలిపే, విడదీసే స్విచ్), సెన్సర్ వైరో కూడా కావొచ్చు. ఏ భాగం పోయిందో బండి కంప్యూటరు చూపే ఫాల్ట్ కోడ్‌తో సహా రాసిమ్మని గట్టిగా అడగాలి.

బ్యాటరీ మీదే అందరి చూపు ఉంటుంది గానీ, ఆన్‌బోర్డ్ చార్జర్ (ఇంటి కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చేది), డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ వోల్టేజిని లైట్లు వంటి వాటికి తగ్గించేది), ఏసీ కంప్రెసర్ వంటి వాటితోనూ దెబ్బ తగలొచ్చు. చాలా మోడళ్లలో ఇవి 8 ఏళ్ల హామీలోకి రావు, బండికి ఇచ్చే మామూలు మూడేళ్ల వారంటీతోనే సరిపెట్టుకోవాలి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోయినా, వోల్టేజి ఎగిసిపడినా చార్జర్ బోర్డు కాలిపోవచ్చు. ఎర్తింగ్ బాగుచేయించే ఖర్చు దానితో పోలిస్తే చాలా తక్కువ.

ఇక లెక్క చూద్దాం. 2024లో ప్యాక్‌ల ప్రపంచ సగటు ధర కిలోవాట్ అవర్‌కు (అంటే ఒక యూనిట్ కరెంటు నిల్వకు) 115 డాలర్లు. 30.2 కిలోవాట్ అవర్ ప్యాక్‌కు డాలరు 84 రూపాయల చొప్పున సుమారు 2.9 లక్షలు అవుతుంది. అది కంపెనీలు టోకున కొనే ధర. రవాణా, డీలర్ లాభం, కూలీ దాని మీద పడతాయి. పన్నులోనూ తేడా ఉంది. 2019 ఆగస్టు నుంచి విద్యుత్ కారుపై జీఎస్టీ 5 శాతమే, విడిగా కొనే లిథియం బ్యాటరీకి మాత్రం 18 శాతం. కొత్తగా కొనేవారికి ఇచ్చిన రాయితీ పాత బండిని కాపాడుకునేవారికి అందకపోవడం అన్యాయం.

బీమాలోనూ పాత రూలు వెంటాడుతోంది. చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలున్న రోజుల్లో పెట్టిన మోటారు బీమా టారిఫ్ ప్రకారం బ్యాటరీలకు 50 శాతం తరుగుదల కోస్తారు. ఆ కోత లేకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ యాడ్-ఆన్, బండిని నడిపే ట్రాక్షన్ బ్యాటరీకి వర్తిస్తుందో లేదో పాలసీలో చూసుకోవాలి. నీరు, దుమ్ము చొరబడవని చెప్పే ఐపీ67 రేటింగ్ ఉన్న ప్యాక్‌ను పరీక్షించేది ఒక మీటరు నీటిలో అరగంటే. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు నీరు రోజుల తరబడి నిలిచింది. అలాంటి నీటిని తట్టుకుంటుందన్న భరోసా ఆ పరీక్ష ఇవ్వదు.

గడువుకు ఆరు నెలల ముందే ప్యాక్‌ను పరీక్షించాలి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్స్ అయితే స్లో చార్జర్‌తో 100 శాతం నింపి కాసేపు అలాగే ఉంచాలి. తర్వాత బండి కంప్యూటరుకు తగిలించి చదివే ఓబీడీ స్కానర్‌తో అన్నిటికంటే ఎక్కువ, తక్కువ వోల్టేజి ఉన్న సెల్స్ మధ్య తేడా చూసి రాసుకోవాలి. 20 శాతం కిందికి వచ్చేదాకా నడిపి మళ్లీ చూడాలి. మధ్యలో చూస్తే లాభం లేదు, అక్కడ ఈ సెల్స్ వోల్టేజి దాదాపు ఒకేలా ఉండి లోపం బయటపడదు. రెండు మూడు సార్లు అదే సెల్ కిందికి జారుతుంటే గడువు తీరకముందే జాబ్ కార్డ్ తెరిపించి, సెల్ నంబరు, రీడింగులు, ఓడోమీటర్ అందులో రాయించి, స్టాంపు వేసిన కాపీ తీసుకోవాలి.