వీసా కాగితం మీది అనాథ

నిఘంటువులో అనాథ అంటే అమ్మానాన్న లేని బిడ్డ. అమెరికా వలస చట్టంలో ఆ మాట ఇంకా చాలామందికి వర్తిస్తుంది. తండ్రి లేక తల్లి ఒక్కతే మిగిలి, ఆమెకు పెంచే శక్తి లేక, బిడ్డను పరాయి దేశానికి దత్తత పంపడానికి ఒప్పుకుని సంతకం పెడితే ఆ బిడ్డ కూడా అనాథే. అమ్మ బతికే ఉంటుంది. వీసా కాగితం మాత్రం బిడ్డను అనాథ అంటుంది.

దేశం దాటిన దత్తతల్లో జరిగిన మోసాల గురించి చదివినప్పుడల్లా మనం బ్రోకర్లనీ ఏజెన్సీలనీ తిట్టుకుంటాం. తిట్టాల్సిందే. కానీ ఈ కథను మొదటినుంచీ చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. విదేశీ దత్తత పుట్టింది కుటుంబ చట్టంలో కాదు, వలస చట్టంలో. బిడ్డను సరిహద్దు దాటించడానికి ఏ కాగితం కావాలో ముందు తేల్చుకున్నారు. బిడ్డకు ఏం కావాలని అందరూ కూర్చుని అడగడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

పిల్లల్ని ఒంటరిగా ఓడ ఎక్కించడం అంతకంటే పాత అలవాటు. బ్రిటన్ నుంచి 1860ల చివర్లో మొదలుపెట్టి లక్ష మందికి పైగా పేద పిల్లల్ని కెనడాకు పంపారు. తర్వాత ఆస్ట్రేలియా వంతు వచ్చింది, అది 1970 ప్రాంతం దాకా నడిచింది. పంపినవాటిలో ఎక్కువ ధార్మిక సంస్థలే. వాళ్లను సొంత బిడ్డల్లా పెంచుకున్నవాళ్లు తక్కువ, పొలం పనికి పెట్టుకున్నవాళ్లు ఎక్కువ. మీ అమ్మానాన్న చనిపోయారని ఎందరో పిల్లలకు చెప్పారు. ఆ అబద్ధాన్ని నమ్ముతూనే వాళ్లు పెరిగి పెద్దయ్యారు. 1987లో మార్గరెట్ హంఫ్రీస్ అనే సోషల్ వర్కర్ ఒక ట్రస్ట్ పెట్టి వాళ్ల కుటుంబాలను వెతకడం మొదలుపెట్టాక గానీ ఈ సంగతి అంతగా బయటికి రాలేదు. ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్ 2009 నవంబరులో, బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ 2010 ఫిబ్రవరిలో క్షమాపణ చెప్పారు. అప్పటికి ఆ 'పిల్లలు' ముసలివాళ్లు. క్షమాపణ వినడానికి మిగలనివాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు వీసా సంగతి. రెండో ప్రపంచయుద్ధం వల్ల చెల్లాచెదురైన జనం కోసం అమెరికా 1948లో ఒక చట్టం చేసి, అందులో 3,000 మంది అనాథలకు చోటు ఇచ్చింది. అప్పటికి అనాథ అంటే తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయిన లేదా కనిపించకుండా పోయిన బిడ్డే. 1953లో శరణార్థుల చట్టం వచ్చేసరికి నిర్వచనం సాగింది, పైన చెప్పిన ఒంటరి తల్లి బిడ్డ కూడా అందులోకి వచ్చేశాడు. పదేళ్లలోపు పిల్లలకు 4,000 వీసాలు, ఒక్కో జంటకు ఇద్దరికి మించకూడదు అన్నారు. ఆ పరిమితి ఎంతోకాలం నిలబడలేదు. 1955లో ఆరిగాన్ రాష్ట్రానికి చెందిన హ్యారీ హోల్ట్ కొరియా యుద్ధం తర్వాత అక్కడి పిల్లల్ని ఎనిమిది మందిని తెచ్చుకోవాలనుకున్నాడు. ఆ ఒక్క కుటుంబం కోసం అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆ తర్వాత ఆయన పేరుతో వచ్చిన ఏజెన్సీ వేల మంది పిల్లల్ని పంపింది.

అప్పట్లో బిడ్డను చూడకుండానే దత్తత తీసుకోవచ్చు. కొరియా కోర్టులో ఏజెన్సీ మనిషి పెంపుడు తల్లిదండ్రుల తరఫున సంతకం పెట్టేస్తాడు, బిడ్డ విమానం దిగేసరికి చట్టప్రకారం వాళ్ల బిడ్డ. ఇది ప్రమాదకరమని సోషల్ వర్కర్లు గట్టిగానే చెప్పారు. 1924 నుంచీ సరిహద్దులకు అటూ ఇటూ చీలిపోయిన కుటుంబాల కోసం పనిచేస్తున్న ఇంటర్నేషనల్ సోషల్ సర్వీస్ అందులో ముందుంది. చివరికి 1961లో ఈ పద్ధతికి అడ్డుకట్ట వేశారు. అదే చట్టంతో అనాథ వీసా శాశ్వతమైంది. ఒక చేత్తో తలుపు కాస్త మూసి, ఇంకో చేత్తో ఆ తలుపుకు గడియే లేకుండా చేశారన్నమాట.

దక్షిణ కొరియా కథ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కాగితం మనిషిని ఎలా మార్చేస్తుందో అక్కడ కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. అక్కడ ప్రతి కుటుంబానికీ ఇంటి పెద్ద పేరుతో ఒక కుటుంబ రిజిస్టర్ ఉండేది. దత్తతకు వెళ్లే బిడ్డకు ఏజెన్సీలు కొత్తగా ఒంటరి రిజిస్టర్ ఒకటి తెరిచేవి. అందులో అమ్మ పేరు లేదు, నాన్న పేరు లేదు, నెలల బిడ్డే ఆ ఇంటికి పెద్ద. దీన్నే అనాథ రిజిస్టర్ అంటారు. కన్నవాళ్లు ఎవరో తెలిసిన బిడ్డలకు కూడా ఇలాగే చేశారు, ఎందుకంటే వీసా ఆఫీసుకు కావలసింది అదే. పంపాల్సిన బిడ్డ చనిపోతేనో, కన్నవాళ్లు మనసు మార్చుకుని తీసుకెళ్లిపోతేనో, ఆ కాగితాల మీద ఇంకో బిడ్డను పంపిన సందర్భాలూ ఉన్నాయి. కాగితం రెడీగా ఉంది, వృథా ఎందుకనుకున్నారేమో!

యుద్ధం 1953లో ఆగిపోయింది. దత్తతలు ఆగలేదు. కొరియా ఫ్యాక్టరీలు, ఓడరేవులు, కార్ల కంపెనీలు పెట్టుకుని ఎదుగుతున్న 1980ల్లో అవి పతాకస్థాయికి చేరాయి. 1985 ఒక్క ఏడాదిలోనే 8,800 మందికి పైగా పిల్లలు దేశం దాటారు. వాళ్లలో ఎక్కువమంది యుద్ధం మిగిల్చిన అనాథలు కాదు, పెళ్లికాని తల్లుల బిడ్డలు. ఆ తల్లులకు సాయం చేయడం కంటే బిడ్డను పంపేయడం ప్రభుత్వానికి చవకగా కనిపించింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌కు వచ్చిన విదేశీ విలేకరులు దీని గురించి రాసేసరికి పరువు పోయినట్టయి, ఆ తర్వాత సంఖ్య తగ్గించుకుంటూ వచ్చారు. మొత్తం మీద వెళ్లినవాళ్లు సుమారు రెండు లక్షలని అంచనా.

వియత్నాంలో కథ అంత నిదానంగా నడవలేదు. 1975 ఏప్రిల్లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోబోతుండగా అమెరికా విమానాల్లో పిల్లల్ని తరలించింది. ఏప్రిల్ 4న బయల్దేరిన మొదటి సైనిక విమానమే కూలిపోయింది. 138 మంది చనిపోయారు, వాళ్లలో 78 మంది పిల్లలు. అయినా తరలింపు ఆపలేదు, రెండు వేలకు పైగా పిల్లలు అమెరికా చేరారు. అక్కడ వియత్నామీస్ తెలిసిన వలంటీర్లు పలకరిస్తే, మాకు అమ్మానాన్న ఉన్నారని కొందరు పిల్లలు చెప్పారు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో కేసు పడింది. పిల్లలందరి తరఫున ఒకే కేసుగా నడపడానికి కోర్టు ఒప్పుకోలేదు. విడివిడిగా కోర్టుకెక్కి బిడ్డను వెనక్కి తెచ్చుకోగలిగిన తల్లులు కొద్దిమందే.

ఇంత జరుగుతుంటే అంతర్జాతీయ చట్టం ఏం చేస్తోంది? 1965లో హేగ్‌లో దత్తత మీద ఒక ఒప్పందం రాశారు. మూడే దేశాలు ఆమోదించాయి: ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, బ్రిటన్. మూడూ యూరప్ దేశాలే, పిల్లల్ని పంపే దేశం ఒక్కటీ లేదు. ఏ కోర్టుకు అధికారం, ఎవరి తీర్పు ఎక్కడ చెల్లుతుంది అన్నవే అందులో ప్రధానం. ఆ ఒప్పందం అలమరలోనే ఉండిపోయింది.

అసలు ఆలోచన పంపే దేశాల నుంచే వచ్చింది. లక్ష్మీకాంత్ పాండే అనే లాయరు రాసిన ఉత్తరాన్ని భారత సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని, 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పుతో విదేశీ దత్తతలకు నియమాలు పెట్టింది. అప్పట్లో విదేశీయులు ఇక్కడ దత్తత తీసుకునే చట్టమే లేదు. 1890 నాటి గార్డియన్ల చట్టం కింద బిడ్డకు సంరక్షకులుగా అనుమతి తెచ్చుకుని, తమ దేశానికి తీసుకెళ్లి అక్కడ దత్తత పూర్తి చేసుకునేవారు. మధ్యలో ఎవరైనా ఆ పని పూర్తి చేయకపోతే బిడ్డ ఎవరికీ చెందడు, ఏ దేశానికీ చెందడు. బిడ్డ ముందు కన్నవాళ్ల దగ్గర ఉండేలా చూడాలి, కుదరకపోతే స్వదేశంలోనే ఇల్లు వెతకాలి, అదీ కుదరకపోతేనే విదేశం అని కోర్టు చెప్పింది. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 21వ అధికరణంలోనూ ఇదే వరస కనిపిస్తుంది.

ఆ మరుసటి నెలలోనే రుమేనియాలో నియంత చౌషెస్కూ కూలిపోయాడు. గర్భస్రావాన్ని నిషేధిస్తూ ఆయన 1966లో తెచ్చిన ఉత్తర్వు ఫలితంగా లక్ష మందికి పైగా పిల్లలు ప్రభుత్వ గృహాల్లో ఉన్నారు. ఆ గృహాల దృశ్యాలు టీవీల్లో రాగానే పడమటి దేశాల జంటలు బయల్దేరాయి. ఏడాదిన్నరలో దాదాపు పది వేల మంది పిల్లలు దేశం దాటారు. ఆ రద్దీలో బ్రోకర్లు గృహాల జోలికి పోకుండా, పేద ఇళ్లకే వెళ్లి తల్లుల దగ్గర బేరాలాడారు. 1991 జులైలో తలుపు మూశారు. హేగ్‌లో కొత్త ఒప్పందం కోసం చర్చలు నడుస్తున్నది సరిగ్గా అప్పుడే.

1993 మే 29న తయారైన ఆ హేగ్ ఒప్పందంలో నాలుగైదు సంగతులు ముఖ్యం. పుట్టకముందే తీసుకున్న తల్లి సంతకం చెల్లదు. డబ్బిచ్చి తీసుకున్న సంతకమూ చెల్లదు. కన్నవాళ్ల అంగీకారం వగైరా తేలేదాకా పెంచుకోబోయేవాళ్లు వాళ్లను కలవకూడదు. బిడ్డ మూలాల వివరాలు భద్రపరచాలి. రెండు దేశాల్లోనూ దత్తతలు చూసే కేంద్ర సంస్థలు సరే అన్నాకే బిడ్డ కదలాలి. వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది 5వ అధికరణంలో ఒక్క వాక్యం: బిడ్డకు ఆ దేశంలోకి రావడానికీ, శాశ్వతంగా ఉండడానికీ అనుమతి ఉందని తీసుకునే దేశం ముందే తేల్చాలి. దత్తతను, వీసాను ఒకే ముడిలో కట్టింది అక్కడే. మొదట ఆమోదించినవి మెక్సికో, రుమేనియా, శ్రీలంక. మూడూ పిల్లల్ని పంపిన దేశాలే! 1995 మే 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది.

అందరికంటే ఎక్కువమంది పిల్లల్ని తీసుకునే అమెరికా అందులోకి వచ్చింది 2008 ఏప్రిల్లో. ఆ మధ్యకాలంలో గ్వాటెమాలా వ్యవహారం నడిచింది. అక్కడ దత్తతకు జడ్జి అక్కర్లేదు, నోటరీ లాయరు చాలు. ఆ ఒక్క లాయరే తల్లికీ బిడ్డకూ పెంచుకునేవాళ్లకూ ప్రతినిధి. బిడ్డను ఇస్తున్నది కన్నతల్లేనా అని తేల్చడానికి అమెరికా ఎంబసీ డీఎన్ఏ పరీక్ష పెట్టింది, దానికీ దొడ్డిదారి వెతికారు. 2007లో 4,700 మందికి పైగా పిల్లలు అమెరికా వెళ్లారు. ఆ ఏడాది చివర్లో ఆ పద్ధతిని రద్దు చేశారు. ప్రపంచం మొత్తంలో విదేశీ దత్తతలు 2004లో సుమారు 45,000తో శిఖరానికి చేరి, అక్కణ్నుంచి దిగుతూనే ఉన్నాయి.

యుద్ధం, భూకంపం వస్తే మాత్రం పాత తొందర మళ్లీ మొదలవుతుంది. 2007 అక్టోబరులో ఒక ఫ్రెంచి సంస్థ చాద్ నుంచి 103 మంది పిల్లల్ని, పక్కనున్న సూడాన్‌లో యుద్ధం నడుస్తున్న డార్ఫర్ అనాథలని చెప్పి విమానం ఎక్కించబోయి పట్టుబడింది. వాళ్లలో ఎక్కువమంది చాద్ పిల్లలే, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లే. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత పది మంది అమెరికన్లు 33 మంది పిల్లల్ని బస్సులో సరిహద్దు దాటిస్తుండగా ఆపారు, అక్కడా ఇదే కథ. ఈ ప్రమాదం ముందే తెలుసు. యుద్ధ నియమాల గురించిన జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన అదనపు ప్రోటోకాల్, యుద్ధంలో పరాయి దేశానికి తరలించే ప్రతి బిడ్డకూ ఫొటోతో ఒక కార్డు రాసి రెడ్‌క్రాస్ అన్వేషణ సంస్థకు పంపాలంటుంది. శరణార్థి పిల్లల విషయంలో ముందు కుటుంబాన్ని వెతకాలని 1994లో, ఆ దత్తత ఒప్పందాలు రాసిన హేగ్ సమావేశం విడిగా సిఫారసు చేసింది. అలా వెతకడానికి మామూలుగా కనీసం రెండేళ్లు ఇవ్వాలన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ మాట.

ఇందులో రాజకీయం కలిస్తే ఇంకా దారుణం. ఉక్రెయిన్ ఆక్రమిత ప్రాంతాల పిల్లల్ని రష్యాకు అక్రమంగా తరలించారన్న ఆరోపణపై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2023 మార్చి 17న పుతిన్ మీద, రష్యా బాలల హక్కుల కమిషనర్ మీద అరెస్టు వారంట్లు ఇచ్చింది. అంతకు ముందు ఏడాదే ఉక్రెయిన్ అనాథలకు రష్యా పౌరసత్వం తేలిగ్గా దొరికేలా అక్కడ డిక్రీ తెచ్చారు. ఇక్కడ కాగితం బిడ్డను దాటించడానికి కాదు, తిరిగి రాకుండా చేయడానికి.

బిడ్డ కదలకపోయినా, తల్లి వలస వచ్చినందుకే దూరమయ్యే సందర్భమూ ఉంది. 2007లో అమెరికాలోని మిస్సోరిలో ఒక కోళ్ల ఫ్యాక్టరీ మీద వలస అధికారులు దాడి చేసి, కాగితాల్లేని ఒక గ్వాటెమాలా తల్లిని పట్టుకున్నారు. ఆమె జైల్లో ఉండగానే పసిబిడ్డను వేరే జంటకు దత్తత ఇచ్చేశారు. చట్టాన్ని పాటించలేదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2011లో తప్పుపట్టి మళ్లీ విచారించమంది. విచారించారు. బిడ్డ మాత్రం ఆ జంట దగ్గరే ఉండిపోయాడు.

2021 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్ ప్రభుత్వం తన కమిటీ నివేదిక చూసి విదేశీ దత్తతలు తాత్కాలికంగా నిలిపేసింది. లక్షన్నరకు పైగా పిల్లల్ని పంపిన చైనా 2024లో ఆపేసింది. కొరియా సత్య కమిషన్ 2025 మార్చిలో తప్పు ప్రభుత్వానిదేనని తేల్చింది. ఆ అక్టోబరు 1న హేగ్ ఒప్పందం అక్కడ అమల్లోకి వచ్చింది, మర్నాడు అధ్యక్షుడు లీ జే మ్యుంగ్ క్షమాపణ చెప్పాడు.

పాత కాగితాల పని ఇంకా అయిపోలేదు. దశాబ్దాలపాటు అమెరికాలో దత్తత అయినంత మాత్రాన పౌరసత్వం వచ్చేది కాదు, పెంచినవాళ్లు విడిగా దరఖాస్తు పెట్టాలి. చాలామంది పెట్టలేదు, పెట్టాలని కొందరికి తెలియనే తెలియదు. 2000లో చేసిన చట్టం దీన్ని సరిచేసింది, కానీ అది అమల్లోకి వచ్చిన 2001 ఫిబ్రవరి 27 నాటికి 18 ఏళ్లు నిండనివాళ్లకే. అంతకంటే పెద్దవాళ్లు వేల మంది బయటే మిగిలారు. వాళ్లలో నేరం చేసి శిక్ష పడిన కొందరిని భాష రాని, ఎవరూ తెలియని పుట్టిన దేశాలకు పంపించేశారు. పసిపిల్లలుగా అనాథ వీసా మీద వచ్చినవాళ్లు నడివయసులో విదేశీయులుగా వెళ్లారు. ఆ వయసు గీత చెరిపేయడానికి 2015లో ఒక బిల్లు పెట్టారు. ఆ తర్వాత పలుసార్లు మళ్లీ పెట్టారు. అది చట్టం కాలేదు.