స్విచ్ ఎక్స్‌టెన్షన్ బాక్స్ కాదు: ఫ్యాక్టరీ ఈథర్నెట్ మీద అపోహలు, వాస్తవాలు

ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ప్లాంట్లలో పీఎల్‌సీలు (యంత్రాలను నడిపించే కంట్రోలర్లు), డ్రైవ్‌ల (మోటార్ల వేగం మార్చే పెట్టెలు) పని మీద తిరుగుతుంటాను. ప్యానెల్‌లో అందరికీ లోకువ నెట్‌వర్క్ స్విచ్చే, అంటే వీటి మధ్య ఈథర్నెట్ వైర్ల మీద డేటాను చేరవేసే డబ్బా. డ్రైవ్ వేడెక్కితే ఫ్యాన్ మారుస్తారు, పీఎల్‌సీ మీద దుమ్ము పడితే బ్లోయర్ తెస్తారు. మూలన డిన్ రైలుకు (ప్యానెల్‌లో పరికరాలు తగిలించే లోహపు పట్టీ) తగిలించిన ఆ చిన్న డబ్బా వైపు మాత్రం ఎవరూ చూడరు. "దాంట్లో ఏముంటాది సార్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాదిరే గదా" అన్నాడు ఒక టెక్నీషియన్. నేను చూసిన తిప్పలు చాలావరకు ఆ ఒక్క మాటలోంచి పుట్టినవే.

అపోహ: స్విచ్ అంటే వైర్లు కలిపే డబ్బా

ఆ మాట పాతకాలం హబ్‌కు సరిపోతుంది. కేసీ కాలువ నీళ్ళు తూములు లేకుండా వదిలితే అడిగిన చేనుకూ అడగని చేనుకూ పారినట్టు, హబ్‌లో ఒక పోర్టులో వచ్చింది అన్ని పోర్టులకూ పోయేది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఢీకొనేవి, మళ్ళీ పంపుకోవాల్సి వచ్చేది.

స్విచ్‌లో ప్రతి పోర్టుకూ తూము ఉన్నట్టే. వచ్చిన ప్రతి ఫ్రేమ్‌లో (డేటా మూటలో) పంపినవాడి మ్యాక్ అడ్రస్, అంటే ఆ పరికరానికి ఉండే గుర్తింపు అంకె, చదివి, "ఇతను 3వ పోర్టులో ఉన్నాడు" అని రాసుకుంటుంది. తర్వాత అతనికి వచ్చినవి 3వ పోర్టుకే వదులుతుంది. పేరు తెలియని అడ్రస్‌కు వచ్చినవి, బ్రాడ్‌కాస్ట్‌లు (అందరికీ కలిపి పంపేవి) మాత్రం అన్ని పోర్టులకూ పోతాయి. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, కింద కథకు అదే మూలం.

అపోహ: ఖాళీ పోర్టులో వైరు గుచ్చితే పోయేదేముంది

ఒక షట్‌డౌన్‌లో ప్యానెల్ దుమ్ము దులిపారు. ఒక ప్యాచ్ కార్డ్ కొస వేలాడుతుంటే, ఊడిపోయిందేమోనని హెల్పర్ దాన్ని ఖాళీ పోర్టులో గుచ్చాడు. పాపం, మంచికే చేశాడు. రెండో కొస అదే స్విచ్‌లో ఉంది.

ప్లాంటు లేపబోతే కూలర్ ఫ్యాన్ డ్రైవ్‌లన్నీ కమ్యూనికేషన్ ఫెయిల్. కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద విలువల చోట ప్రశ్నార్థకాలు. స్విచ్ లైట్లు తిరునాళ్ళ సీరియల్ సెట్ మాదిరి అన్నీ ఒకేసారి టపటపా కొట్టుకుంటున్నాయి. మేమేమో పీఎల్‌సీని అనుమానించి కార్డు మార్చాం. రెండు గంటల తర్వాత, విసుగొచ్చి వైర్లు ఒక్కొక్కటీ పీకుతుంటే, ఏడో వైరు దగ్గర అంతా నిమ్మళమైంది.

ఐపీ ప్యాకెట్‌కు ఆయుష్షు అంకె ఒకటి ఉంటుంది, రూటరు దాటినప్పుడల్లా తగ్గుతుంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌కు అలాంటిది లేదు. చుట్టు దొరికిందంటే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ చావదు, తిరుగుతూనే ఉంటుంది. 64 బైట్ల అతిచిన్న ఫ్రేమ్, ముందూ వెనకా ఖాళీతో కలిపి, 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) లింకులో 6.72 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు దాదాపు 1,48,800 ఫ్రేములు. ప్రతి డ్రైవూ ప్రతి పీఎల్‌సీ వాటిని తీసుకుని చూడాలి. అసలు పనికి తీరికెక్కడిది?

మరి స్విచ్‌లను గుండ్రంగా కలిపి రింగ్ వేస్తున్నారు కదా, అది చుట్టే కదా అని అడుగుతారు. చుట్టే. కానీ అక్కడ ఒక స్విచ్ తన పోర్టు ఒకటి మూసి ఉంచుతుంది, ఎక్కడైనా వైరు తెగితేనే తెరుస్తుంది. ఎంఆర్‌పీ అనే పద్ధతిలో నడిచే రింగ్‌లో మామూలుగా దీనికి 200 మిల్లీసెకన్ల లోపు పడుతుందని లెక్క. రింగ్ ఉంది కాబట్టి ట్రిప్ కాదు అనుకోవడం ఇంకో పొరపాటు. ప్రొఫినెట్‌లో (పీఎల్‌సీ, డ్రైవ్‌లు ఈథర్నెట్ మీద మాట్లాడుకునే పద్ధతి) మామూలుగా మూడు సైకిళ్ళు డేటా రాకపోతే డివైస్ పోయినట్టే లెక్క. అప్‌డేట్ టైమ్ (ఒక సైకిల్ వ్యవధి) 8 మిల్లీసెకన్లు పెట్టారంటే 24కే ట్రిప్. రింగ్ కోలుకునే లోపల ఫ్యాను ఆగిపోతుంది. ఫ్యాన్ డ్రైవ్‌కు అంత తొందర ఎందుకు? 128 పెట్టినా దానికి చాలు, మూడు సైకిళ్ళకు 384 అవుతుంది, ఆలోపు రింగూ కోలుకుంటుంది.

అపోహ: లైటు వెలుగుతాండాది, పింగ్ (అవతలి పరికరం పలుకుతుందా అని చూసే పరీక్ష) వస్తాండాది, ఇంకేంది?

లైటు చెప్పేది ఒక్కటే, అవతలి కొసన ఎవరో ఉన్నారని. ఒక వైపు 100 ఫుల్ డూప్లెక్స్ (రెండు దిక్కులా ఒకేసారి పంపడం) అని చేత్తో బిగించి, రెండో వైపు ఆటోలో వదిలేస్తే, ఆటో వైపు హాఫ్ డూప్లెక్స్‌కు (ఒకసారికి ఒక దిక్కే) దిగుతుంది. లైటు వెలుగుతుంది, పింగ్ కూడా వస్తుంది. లోడు పెరిగినప్పుడే డేటా పోతుంది. రెండు వైపులా ఆటో, లేదంటే రెండు వైపులా ఫిక్స్. సగం సగం వద్దు.

విండోస్ పింగ్ పంపేది 32 బైట్లే. దెబ్బతిన్న వైరు మీద కూడా చిన్నవి దాటిపోతాయి. 1400 బైట్లతో, కాసేపు వదలకుండా కొట్టి చూడండి. మేనేజ్డ్ స్విచ్ (లోపలికెళ్ళి సెట్టింగులు చూడగలిగేది) ఉంటే ఇంకా నయం, పోర్టు వారీగా సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో చెడిపోయిన ఫ్రేముల) లెక్క చూపిస్తుంది. ఆ అంకె పెరుగుతుంటే వైరో, కనెక్టరో, లేకపోతే ఇందాకటి డూప్లెక్స్ తేడానో.

అపోహ: గిగాబిట్ పెడితే పీఎల్‌సీ వేగంగా నడుస్తుంది

నడవదు. డ్రైవ్‌కూ పీఎల్‌సీకీ మధ్య పోయేవి కొన్ని పదుల బైట్లు. 100 ఎంబీపీఎసే దానికి ఎక్కువ. కెమెరాలు అదే వైరు మీద పెట్టినప్పుడు ఆలోచించండి, అప్పుడు కూడా ముందు వీల్యాన్ (అదే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్) వేరు చేయండి.

అపోహ: ఆఫీసు స్విచ్, ప్లాంటు స్విచ్ ఒకటే, రేటే తేడా

ఆఫీసు స్విచ్‌లు చాలావాటి మీద 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంటుంది. మే నెలలో మా కడపలో బయటే 43 దాటుతుంది. ఎండలో మూసిన ప్యానెల్ లోపల ఎంతుంటుందో చెయ్యి పెట్టి చూస్తే చాలు. ప్లాంటు కోసం చేసినవి ఫ్యాన్ లేకుండా 60 వరకు, మంచివి 75 వరకు తట్టుకుంటాయి. ఫ్యాన్ లేకపోవడమే సగం బలం, సిమెంటు దుమ్మును లోపలికి లాగదు. 24 వోల్టుల సప్లై రెండు వైపుల నుంచి ఇవ్వొచ్చు. ఆఫీసు స్విచ్ అడాప్టరు క్రషర్ అదురుకు సాకెట్లోంచి జారిపోవడం నా కళ్ళతో చూశాను.

అపోహ: వైరు వైరే, ఎక్కడ లాగితే ఏం

రాగి ఈథర్నెట్‌కు హద్దు 100 మీటర్లు, ప్యాచ్ కార్డులతో కలిపి. డ్రైవ్ నుంచి మోటారుకు పోయే కేబుల్ పక్కనే అదే ట్రేలో వేశారంటే ఎర్రర్లను పిలిచి కూర్చోబెట్టినట్టే. ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకు రాగి వద్దు. రెండు చోట్ల ఎర్తింగ్ తేడా ఉంటుంది, పిడుగు పడితే రెండు వైపుల పోర్టులూ పోతాయి. మల్టీమోడ్ ఫైబర్ వేస్తే 100 ఎంబీపీఎస్‌కు 2 కిలోమీటర్ల దాకా దిగులుండదు.

అన్నట్టు, ఇంటర్నెట్ లేదు కాబట్టి వైరస్ రాదనే మాట కూడా వదిలేయండి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్ పీఎల్‌సీల దాకా వెళ్ళింది, పెన్‌డ్రైవ్‌ల మీద కూడా పాకింది.

అపోహ: స్విచ్ పోతే ఇంకొకటి పెట్టేస్తే సరి

పోయింది రింగ్‌లో పోర్టు మూసి ఉంచే స్విచ్చే అయితే? సెట్టింగులు లేని కొత్తది తెచ్చి రెండు రింగ్ వైర్లూ గుచ్చితే, చుట్టు తెంచి పెట్టేవాడే ఉండడు. మళ్ళీ తిరునాళ్ళే. ఒకసారి రాత్రి రెండుకు స్విచ్ పోయింది. కొత్తది స్టోర్‌లో ఉంది. సెట్టింగుల ఫైలు ఒక ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆ ల్యాప్‌టాప్‌తో సహా ఆయన ప్రొద్దుటూరులో మేనమామ కూతురి పెళ్ళిలో ఉన్నాడు. అప్పటినుంచి ఫైలు కాపీ ఒకటి స్టోర్‌లో స్విచ్ డబ్బాలోనే పెడుతున్నా. ఏ పోర్టులో ఏ వైరో రాసిన కాగితం ప్యానెల్ తలుపు లోపలి జేబులో ఉంటుంది.