అల్పాకా ఉన్ని ఎందుకు ముతకబారింది?

మదనపల్లె వైపో హిందూపురం వైపో బీడు భూమి ఉన్న బెంగళూరు తెలుగువాళ్లు కొందరికి ఈ ఆలోచన తడుతుంటుంది: గొర్రెలకు బదులు, దక్షిణ అమెరికాలో ఉన్ని కోసం పెంచే అల్పాకాలు పెంచితే? గడ్డి మేస్తాయి, ఖరీదైన ఉన్ని ఇస్తాయి, ఇంకేం కావాలి! కానీ గడ్డికీ ఉన్నికీ మధ్య పేచీ ఉంది. అది పెరూలో దాదాపు 500 ఏళ్ల నాటిది.

ఆండీస్ పర్వతాల్లో వికూనా అనే అడవి జంతువును మచ్చిక చేసి, సుమారు 6,000 ఏళ్ల కిందట అల్పాకాను తయారుచేసుకున్నారు. ఇంకాల రాజ్యంలో సన్నని నేతబట్ట అంటే కానుక, హోదా. 1532లో స్పెయిన్ సేనలు దిగాక మందలు కుప్పకూలాయి, సన్న ఉన్ని కోసం ఏరి పెంచే పద్ధతీ పోయింది. మంచి మేత గొర్రెల పాలైంది, అల్పాకాలు 4,000 మీటర్ల ఎత్తుకు, గరుకు ఇచు గడ్డి మొలిచే చోటికి చేరాయి. దక్షిణ పెరూలోని ఎల్ యరాల్‌లో వెయ్యేళ్ల నాటి ఎండిన కళేబరాలు దొరికాయి. వాటి ఉన్నిని పురావస్తు పరిశోధకురాలు జేన్ వీలర్ పరీక్షిస్తే, ఇప్పటి మందల ఉన్నికన్నా సన్నగా, ఒకే తీరుగా ఉంది.

రెండో దెబ్బ ఇంగ్లండ్ నుంచి తగిలింది. 1836లో టైటస్ సాల్ట్ అనే ఉన్ని వ్యాపారి లివర్‌పూల్‌లో పడి ఉన్న అల్పాకా బేళ్లు కొన్నాడు. 1853లో సాల్టేర్‌లో పెద్ద మిల్లే తెరిచాడు. గిరాకీ పెరిగింది, కొనుగోలు మాత్రం తూకం మీదే. కాటాకు తగ్గట్టే కాపరి నడుచుకున్నాడు, తప్పేముంది? ఎక్కువ బరువు తూగేదాన్నే మందలో ఉంచుకున్నాడు. తూగేది ముతక ఉన్నే. అద్దకానికి తెలుపైతే సుళువని మిల్లులు తెల్ల ఉన్నికే మొగ్గాయి, నల్లవీ గోధుమరంగువీ తగ్గిపోయాయి.

ఇక మేత సంగతి. అక్కడ మే నుంచి అక్టోబరు దాకా వానలుండవు. గడ్డి మంచుకు మాడి పీచుగా మారుతుంది, అందులో ప్రోటీన్ పడిపోతుంది. జంతువు చిక్కిపోతుంది, ఉన్ని నెమ్మదిగా, సన్నగా పెరుగుతుంది. ఊటనీటితో ఏడాదంతా పచ్చగా ఉండే తడి పచ్చికలను బోఫెదాల్ అంటారు. కాపరులు చిన్న కాలువలు తవ్వి వాటిని విస్తరిస్తారు. ఈనిన తల్లులకు పాలు దిగేది ఆ పచ్చిక దయే. ఓట్స్ గడ్డి, లూసర్న్ అనే పశుగ్రాసం అదనంగా పెడితే బరువొస్తుంది, ఉన్నీ ఎక్కువ దిగుతుంది. దాంతోపాటు పోగు లావెక్కుతుంది.

ఇప్పుడు కొన్ని కాపరుల సంఘాలు ఉన్నిని సన్నదనాన్ని బట్టి వేరుచేసి అమ్ముతున్నాయి. ఊళ్లోకొచ్చే దళారి మాత్రం ఇంకా కాటానే బయటికి తీస్తాడు.