చట్టం లేకుండా 28 ఏళ్ల వసూళ్లు: ఐర్లండ్ వృద్ధుల సంరక్షణ రుసుముల వివాదం వెనుక

2023 జనవరి చివరి ఆదివారం ఐర్లండ్‌లో ‘ఐరిష్ మెయిల్ ఆన్ సండే’ పత్రిక కొన్ని రహస్య ప్రభుత్వ పత్రాలను బయటపెట్టింది. ప్రైవేటు సంరక్షణ గృహాల్లో ఉన్న వృద్ధుల కుటుంబాలు తాము కట్టిన డబ్బు వాపసు ఇవ్వాలని కోర్టుకెక్కితే ఏం చేయాలో వాటిలో ఉంది. పట్టు వదలని వారితో కేసు విచారణ దాకా పోకముందే, పాత ఫైళ్లు కోర్టు ముందు పెట్టాల్సిన అవసరం రాకముందే రాజీ కుదుర్చుకోవాలి. మిగతా వారికి తామై ఏమీ చెప్పనక్కరలేదు. అందరికీ చెల్లించాల్సి వస్తే భారం 1,200 కోట్ల యూరోల దాకా ఉండవచ్చని 2011 నాటి ఒక పత్రం లెక్కగట్టినట్టు వార్తలు వచ్చాయి. అప్పటి ప్రధాని లియో వరద్కర్, ఉప ప్రధాని మీహాల్ మార్టిన్ ఇద్దరూ గతంలో ఆరోగ్య మంత్రులుగా పనిచేసినవారే. ఒక్క వారంలో గొడవ పార్లమెంటుకు చేరింది.

ఈ గొడవకు మూలం 1970 నాటి ఆరోగ్య చట్టంలో ఉంది. తక్కువ ఆదాయం ఉన్నవారికి అక్కడ మెడికల్ కార్డు ఇస్తారు. స్థూలంగా మన ఆరోగ్యశ్రీ కార్డు లాంటిదే అనుకోవచ్చు. కాకపోతే దాని పరిధి ఇంకా పెద్దది, డాక్టరుకు చూపించుకోవడం నుంచి ఆసుపత్రిలో చేరడం దాకా అన్నీ ఉచితం. ‘అనవసరమైన కష్టం’ లేకుండా తమకూ తమపై ఆధారపడినవారికీ వైద్యుడి సేవలు ఏర్పాటు చేసుకోలేనివారు ‘పూర్తి అర్హులు’ అని చట్టం చెప్పింది. ఆసుపత్రిలో ఉండి పొందే సేవలకు వారి నుంచి పైసా తీసుకోకూడదు. కానీ ప్రభుత్వ ఆధ్వర్యంలోని దీర్ఘకాలిక వార్డుల్లో, వృద్ధుల గృహాల్లో పాత కాలం నుంచీ రుసుము వసూలు చేసే అలవాటు ఉంది. అక్కడ ఏళ్ల తరబడి ఉండిపోయేవారికి తిండి, బస కూడా ప్రభుత్వమే పెడుతుంది కాబట్టి వారి పింఛనులోంచి కొంత తీసుకోవడంలో తప్పేముంది అన్నది అధికారుల వాదన. నిజానికి ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. చట్టంలో మాత్రం దానికి చోటు లేదు.

1976లో ఆ విషయం ఐర్లండ్ సుప్రీంకోర్టు తేల్చింది. దీర్ఘకాలం ఉండేవారికి అందే నర్సింగు సంరక్షణ కూడా ఆసుపత్రి సేవే, కాబట్టి కార్డుదారుల నుంచి రుసుము తీసుకునే వీలు లేదు. తీర్పు ఇష్టం లేకపోతే చట్టం మార్చుకోవాలి. ఆరోగ్య శాఖ ఆ దారి పట్టలేదు. అదే ఏడాది, ప్రాంతాల వారీగా ఆసుపత్రులు, గృహాలు నడిపే ఆరోగ్య బోర్డులన్నింటికీ ఒక సర్క్యులర్ పంపింది. దాని నంబరు 7/76.

ఆ సర్క్యులర్ తర్కాన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే 28 ఏళ్ల వసూళ్లు దానిమీదే నిలబడ్డాయి. వైద్యుడి సేవలు సొంతంగా ఏర్పాటు చేసుకోలేనివారికే కదా కార్డు? సంరక్షణ గృహంలో చేరినవారికి తిండి, బస, డాక్టరు, మందులు అన్నీ అక్కడే అందుతున్నాయి. అంటే డాక్టరును ఏర్పాటు చేసుకునే కష్టం ఇక వారికి లేదు. కష్టం లేదంటే పూర్తి అర్హత పోయినట్టే. అర్హత పోయిందంటే రుసుము వసూలు చేయవచ్చు. ఉచిత సేవ పొందడానికి లోపల అడుగుపెట్టగానే, ఆ సేవ పొందుతున్నారన్న కారణంతోనే ఉచితానికి అర్హత పోయింది! ఆరోగ్య శాఖ న్యాయ సలహాదారులకే ఇది నిలబడుతుందన్న నమ్మకం ఉండేది కాదని తర్వాత బయటపడ్డ పత్రాలు చూపించాయి. అయినా ఏటికేడు వసూళ్లు సాగిపోయాయి. ప్రభుత్వాలు మారాయి, ఆరోగ్య మంత్రులు మారారు, సర్క్యులర్ మాత్రం మారలేదు. లోపల ఉన్నవారిలో ఎక్కువమంది ముదుసలులు, మానసిక రోగులు, మేధో వైకల్యం ఉన్నవారు. పింఛను వచ్చిన వెంటనే అందులో పెద్ద భాగం ఖర్చుల కింద పోతుంది, చేతి ఖర్చుకు కొద్దిగా మిగులుతుంది. అలాంటివారు లాయరును పెట్టుకుని సర్క్యులర్ మీద కేసు వేస్తారని ఎవరూ భయపడలేదు.

2001లో ప్రభుత్వం తన చేత్తోనే ఆ కొద్దిపాటి ఆధారాన్ని కూడా తీసేసింది. 70 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో పని లేకుండా మెడికల్ కార్డు ఇస్తూ చట్టం చేసింది. అంటే వారు వయసు వల్లనే పూర్తి అర్హులు. ‘కష్టం ఉందా లేదా’ అని చూసే వీలే ఇక లేదు. వసూళ్లు మాత్రం ఆగలేదు. రుసుములు చెల్లవన్న న్యాయ సలహా ఒక ఆరోగ్య బోర్డు దగ్గర నుంచే డబ్లిన్‌లోని ఆరోగ్య శాఖకు చేరింది. 2003 డిసెంబరులో మంత్రులు, ఉన్నతాధికారులు, బోర్డుల అధిపతులు కూర్చున్న సమావేశంలో ఈ విషయం చర్చకు వచ్చింది. అటార్నీ జనరల్ సలహా తీసుకోవాలని నిర్ణయించారు. ఆయనకు రాయాల్సిన ఉత్తరం ముసాయిదా సిద్ధమైంది.

ఆ ఉత్తరం పోలేదు.

అప్పటి ఆరోగ్య మంత్రి మీహాల్ మార్టిన్ ఆ సమావేశానికి ఆలస్యంగా వచ్చానని, ఆ విషయం తన దాకా రాలేదని చెప్పారు. శాఖ కార్యదర్శి మైకేల్ కెల్లీ మంత్రికి చెప్పానన్నారు. దీని మీద విచారణ జరిపిన జాన్ ట్రావర్స్ 2005 మార్చిలో నివేదిక ఇస్తూ, దీర్ఘకాలంగా వ్యవస్థే విఫలమైందన్నారు. ప్రధాన బాధ్యత అధికారులదేనన్నారు, మంత్రులు కూడా ఇంకా లోతుగా అడిగి ఉండాల్సిందన్నారు. కెల్లీని శాఖ నుంచి తప్పించి, ఉన్నత విద్యను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థకు అధ్యక్షుడిగా పంపారు. మార్టిన్ అప్పటికే మరో శాఖకు మారారు, తర్వాత ప్రధాని కూడా అయ్యారు. ‘వ్యవస్థ వైఫల్యం’ అన్న తీర్పులో ఉన్న సౌలభ్యం ఇదే. అందరూ బాధ్యులైనప్పుడు ఇంటికి పోయేవారు ఎవరూ ఉండరు.

2004 శరత్కాలంలో ప్రతిపక్షం పార్లమెంటులో గట్టిగా నిలదీసింది. కొత్త ఆరోగ్య మంత్రి మేరీ హార్నీ అటార్నీ జనరల్‌ను అడిగారు, వసూళ్లు చెల్లవన్న జవాబు వచ్చింది. డిసెంబరు 9న వసూళ్లు ఆపాలని ఆదేశాలు వెళ్లాయి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. క్రిస్మస్ ముందు ఆదరాబాదరాగా ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది. అందులో రెండు భాగాలున్నాయి. ఇకమీదట రుసుము వసూలు చేయడానికి చట్టబద్ధత ఇవ్వడం ఒకటి. ఇంతకాలం చేసిన వసూళ్లను కూడా వెనకటి తేదీ నుంచి చట్టబద్ధం అనేయడం రెండోది. బతికి ఉన్నవారికి దయతో తలా 2,000 యూరోల దాకా ఇస్తామన్నారు. అధ్యక్షురాలు మేరీ మెక్‌అలీస్ ఆ బిల్లు మీద సంతకం పెట్టకుండా రాజ్యాంగబద్ధమో కాదో చూడమని సుప్రీంకోర్టుకు పంపారు.

2005 ఫిబ్రవరి 16న కోర్టు చెప్పిన మాట ఈ కథలో కీలకం. ఇకమీదట రుసుము పెట్టుకోవచ్చు, అందుకు అభ్యంతరం లేదు. కానీ అక్రమంగా తీసుకున్న డబ్బును తిరిగి కోరే హక్కు కూడా ఒక ఆస్తే. ప్రభుత్వానికి డబ్బు ఖర్చవుతుందన్న కారణంతో ఆ ఆస్తిని లాగేసుకోకూడదు. పేదల ఆస్తికి ప్రత్యేక రక్షణ అవసరం, ఎందుకంటే కొద్దిపాటి నష్టం కూడా వారి మీద ఎక్కువ బరువుగా పడుతుందని న్యాయమూర్తులు రాశారు. పేదవాడి ఆస్తి హక్కు ధనికుడి హక్కు కన్నా తక్కువది కాదనడం వేరు, దానికి మరింత రక్షణ కావాలనడం వేరు. ఆస్తి హక్కు పేరుతో ఇలాంటి మాట అనే కోర్టులు తక్కువ.

దాని ఫలితంగా 2006లో వాపసు చట్టం వచ్చింది. అందులోనూ ఒక గీత గీశారు. బతికి ఉన్నవారికి మొదటి నుంచి కట్టినదంతా ఇస్తారు. చనిపోయినవారి వారసులకైతే ఆ మరణం 1998 డిసెంబరు 9 తర్వాత జరిగి ఉండాలి. వసూళ్లు ఆగిన రోజు నుంచి ఆరేళ్లు వెనక్కి లెక్కేసిన తేదీ అది. ఆరేళ్లు దాటిన బాకీకి కాలదోషం పడుతుందన్న మామూలు నియమాన్నే ఇక్కడా పెట్టారు. తనకు తెలిసీ దాచిన విషయం మీద కాలదోషం వాదించడం ప్రభుత్వానికి తగునా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. మొత్తం 28 ఏళ్లలో 3 లక్షల మందికి పైగా డబ్బు కట్టి ఉంటారని అప్పటి అంచనా. వారిలో అధిక భాగం 1998కి ముందే పోయారు, వారి పిల్లలకు ఏమీ రాలేదు. వాపసు అందింది సుమారు 20,000 దరఖాస్తులకు, దాదాపు 48 కోట్ల యూరోలు.

ఇదంతా ప్రభుత్వ గృహాల సంగతి. అసలు తేలని ప్రశ్న ప్రైవేటు గృహాలది. 1980ల్లో ఆరోగ్య ఖర్చు కోతల్లో ప్రభుత్వ పడకలు తగ్గిపోయాయి. కార్డు చేతిలో ఉన్నా చోటు దొరకక వేలాది కుటుంబాలు తల్లినో తండ్రినో ప్రైవేటు గృహంలో చేర్చి, పొదుపు కరగదీసి, కొన్ని ఇళ్లు అమ్మి డబ్బు కట్టాయి. 1993 నుంచి ప్రభుత్వం కొంత సబ్సిడీ ఇచ్చింది. అక్కడా ఒక మెలిక పెట్టింది. దరఖాస్తు చేసిన వృద్ధుల ఆదాయంతో పాటు కొడుకులు, కూతుళ్ల ఆదాయం కూడా లెక్కలోకి తీసుకోవాలని నిబంధన రాసింది. పెద్దల పోషణ భారం పిల్లల మీద పెట్టే చట్టం ఐర్లండ్‌లో లేదు. మన 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఆ భారాన్ని సూటిగా సంతానం మీద పెట్టింది, అది ఇష్టమైనా కాకపోయినా చట్టమే. అక్కడ మాత్రం చట్టంలో లేనిదాన్ని నిబంధనలో దూర్చారు. ప్రభుత్వ సంస్థల మీద పౌరుల ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ కెవిన్ మర్ఫీ 2001లో దాన్ని తప్పుబట్టారు.

ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చిన ఎమిలీ ఓరైలీ 2010 నవంబరులో ఇంకా ముందుకు వెళ్లారు. కార్డుదారుకు ప్రభుత్వ గృహంలో చోటు ఇవ్వలేకపోతే ప్రైవేటు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాల్సి ఉందా? చట్టం చదివితే అలాగే కనిపిస్తుందన్నారు. కుటుంబాలు వేసిన కేసుల వివరాలు అడిగితే శాఖ ఇవ్వలేదని కూడా రాశారు. శాఖ ఆ నివేదికను పూర్తిగా తోసిపుచ్చింది. కేసులు మాత్రం ఒక్కటీ తీర్పు దాకా పోలేదు, ఒకదాని తర్వాత ఒకటి కోర్టు బయట ముగిశాయి. ఎందుకలా ముగిశాయో చూపించిన పత్రాలే 2023లో బయటపడ్డవి.

ఆ ఫిబ్రవరిలో అటార్నీ జనరల్ రోసా ఫానింగ్ నివేదిక ఇచ్చారు. ప్రభుత్వ వ్యూహం న్యాయపరంగా సరైనదే, ప్రైవేటు గృహాల కేసుల్లో వాదించడానికి నిజమైన ఆధారాలున్నాయి, ప్రజాధనం కాపాడటం కూడా బాధ్యతే, తమకు వ్యతిరేకంగా వాదన ఉందని జనానికి చాటి చెప్పాల్సిన పని ఏ కక్షిదారుకూ లేదన్నారు. లాయరుగా ఆయన మాట తప్పు కాకపోవచ్చు. కానీ ప్రభుత్వం మామూలు కక్షిదారు కాదు. చట్టం రాసేదీ, దాన్ని అమలు చేసేదీ, అర్హత ఉందో లేదో పౌరుడికి చెప్పాల్సిందీ ప్రభుత్వమే. లాయరును పెట్టుకోగలిగినవారికి రాజీ డబ్బు, పెట్టుకోలేనివారికి మౌనం అన్నది ఏ న్యాయ సలహాలో ఇమిడినా పరిపాలనగా చెల్లదు. పరిహార పథకమేదీ రాలేదు. చాలా కుటుంబాలకు కాలదోషం ఎప్పుడో పట్టేసింది.

2009 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ‘ఫెయిర్ డీల్’ పథకం కొత్తగా చేరేవారి విషయంలో ఈ చిక్కును విప్పింది. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా వృద్ధులు తమ ఆదాయంలో 80 శాతం, ఆస్తుల విలువలో ఏటా 7.5 శాతం ఇవ్వాలి. మొదట్లో ఇది 5 శాతమే. ఉంటున్న ఇంటి మీద లెక్క మూడేళ్లకు ఆగుతుంది. ఆ మొత్తాన్ని మరణం తర్వాత వారు వదిలివెళ్లిన ఆస్తి నుంచి కట్టే వెసులుబాటు ఉంది, మిగతా ఖర్చు ప్రభుత్వానిది. భారం తక్కువేమీ కాదు గానీ కనీసం చట్టంలో రాసి ఉంది. ఇప్పటి ఫిర్యాదులు ఆ పథకం వెలుపల గృహాలు వేసే అదనపు రుసుముల మీద: వినోద కార్యక్రమాలు మొదలైన వాటికి, మంచం దిగలేనివారి దగ్గర కూడా, వారం వారం వసూలు చేసేవి. 2015 ఆగస్టు నుంచి ప్రైవేటు గృహాల మీద కూడా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు.