పాత ఇంజిన్ తుక్కు కాదు: ఆటోమేషన్ గేమ్‌పై అపోహలు, వాస్తవాలు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా గేమింగ్ సెంటర్‌కు వచ్చి, సొంత కార్ల కంపెనీ నడిపే ‘ఆటోమేషన్’ కంప్యూటర్ గేమ్ ఆడే పిల్లలు ఎప్పుడూ అడిగేది ఒకటే: "అన్నా, పదేండ్లయింది, ఈ ఇంజిన్ తీసేసి కొత్తది షురూ చెయ్యాలె గదా?" ఎవరో వీడియోలో చెప్పారట. చెప్పినోడికేం పోయింది, దివాలా తీసేది వీళ్ల కంపెనీ.

అపోహ: పాత డిజైన్ ఇక పనికిరాదు.

వాస్తవం: గేమ్‌లో ఇంజిన్ మూల డిజైన్‌ను ఫ్యామిలీ అంటారు, దాని మీద చేసుకునే ఒక్కో రూపాన్ని వేరియంట్ అంటారు. చాలాసార్లు పాతబడేది వేరియంట్, ఫ్యామిలీ కాదు. బ్లాక్, దాని లోహం, హెడ్ (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) రకం, బోర్ (సిలిండర్ వెడల్పు), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) గరిష్ఠ కొలతలు ఫ్యామిలీవి. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్యామ్ ప్రొఫైల్, కార్బురేటర్, సైలెన్సర్ అన్నీ వేరియంట్‌వి. కార్బురేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టడానికి కొత్త బ్లాక్ ఎందుకు? కొత్త ఫ్యామిలీ అంటే ఏళ్ల తరబడి ఇంజినీరింగ్, మళ్లీ టూలింగ్ (ఫ్యాక్టరీలో అచ్చులు, యంత్రాలు) ఖర్చు, అన్నాళ్లూ అమ్ముకోవడానికి ఆ పాత కారే దిక్కు.

మిర్యాలగూడ తమ్ముడొకడు, ఆటోమొబైల్ డిప్లొమా చదువుతున్నాడు. 1946లో మొదలయ్యే క్యాంపెయిన్‌లో కారుకో కొత్త ఇంజిన్ చేసుకుంటూ పోయి అప్పుల్లో మునిగి, మొహం పీక్కుపోయి కూర్చున్నాడు. సేవ్ తెరిచి చూస్తే మొదటి నాలుగు సిలిండర్ల ఫ్యామిలీకి బోర్ 80 మిల్లీమీటర్ల దాకా ఉంది, వాడుతున్నది 75. స్ట్రోక్ 80 అలాగే ఉంచి బోర్ ఒక్కటి పెంచితే 1,414 సీసీది 1,608 అయింది. కావాల్సిన ఇంజిన్ చేతిలోనే ఉంది, పాపం. అందుకే ఫ్యామిలీ చేసేటప్పుడే కొలతలు కాస్త పెద్దగా పెట్టుకోండి, తర్వాత పెంచలేరు.

మన రోడ్ల మీదా ఇంతే. ఫియట్ 1.3 డీజిల్ ఒక్కటే స్విఫ్ట్‌లో, ఇండికా విస్టాలో 75 హార్స్‌పవర్‌తో నడిచింది, వేరియబుల్ టర్బోతో సియాజ్‌లో 90 ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చేదాకా మారుతి దాన్ని వదల్లేదు.

అపోహ: అయితే ఫేస్‌లిఫ్ట్‌లతోనే (ఉన్న కారుకే మార్పులు చేస్తూ) ఎన్నేళ్లయినా లాగొచ్చు.

లాగలేరు. బాడీ, ఛాసిస్, సస్పెన్షన్ రకం మోడల్‌లో, అంటే కారు మూల డిజైన్‌లో, బిగుసుకుపోతాయి. బ్రేకులు, టైర్లు, గేర్‌బాక్స్, ఇంటీరియర్ లాంటివి ట్రిమ్‌లో, అంటే ఆ మోడల్ మీద చేసే ఒక్కో రూపంలో, మారతాయి. అంబాసిడర్‌కు 1990లలో ఇసుజు ఇంజిన్ పెట్టారు, కానీ బాడీ మారిస్ ఆక్స్‌ఫర్డ్‌దే, 2014లో ఆగిపోయింది. హెడ్ రకమే అడ్డొస్తున్నదనుకోండి, అప్పుడు కొత్త ఫ్యామిలీ తప్పదు. పాతది బాగా అమ్ముడుపోతున్నప్పుడే మొదలుపెట్టాలి, పడిపోయాక కాదు.

గేమ్‌లో ఒక్కో భాగం నాణ్యతను పెంచే క్వాలిటీ స్లైడర్లన్నీ పెంచితే పాతది కొత్తదవుతుందన్నది ఒట్టి పుకారు. కొంత మెరుగవుతుంది గానీ ఖర్చూ పెరుగుతుంది.

ఇప్పటికే అప్పుల్లో ఉన్నవాళ్లు టెన్షన్ పడకండి. సేవ్‌కు ఒక కాపీ తీసుకుని, ఫేస్‌లిఫ్ట్‌లో ఒక్కొక్క మార్పే చేస్తూ, ఇంజినీరింగ్‌కు ఎన్ని నెలలు పెరుగుతున్నాయో చూసుకుంటూ వెళ్లండి. ఏ మార్పు దగ్గర నెలలు ఒక్కసారిగా పెరిగాయో దాన్ని వెనక్కి తీసేయండి.