ఆశా కార్యకర్త రెండోసారి వచ్చినప్పుడు

2003, 2004 సంవత్సరాల్లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఒక సర్వే జరిగింది. ఇంట్లో ఎవరైనా పోతే, కొన్నాళ్ళు ఆగి ఒక ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళేవారు. పోయేముందు ఆయాసం వచ్చిందా, నొప్పి ఎక్కడన్నారు, మూతి వంకరపోయిందా, చెయ్యి పడిపోయిందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకునేవారు. ఆ కాగితాలను డాక్టర్లు చదివి, మరణానికి కారణం ఏమిటో తేల్చేవారు. సుమారు 1,80,000 జనాభాలో ఏడాది కాలంలో జరిగిన మరణాలను అలా లెక్కకట్టి చూస్తే, ప్రతి పదిమందిలో ముగ్గురు గుండెజబ్బుతోనో పక్షవాతంతోనో పోయినట్టు తేలింది. అంటురోగాలతో పోయినవాళ్ళు అంతకన్నా చాలా తక్కువ. పట్నం జబ్బులు, కుర్చీలో కూర్చునేవాళ్ళ జబ్బులు అనుకున్నవి అప్పటికే వరిచేల మధ్యకు వచ్చి కూర్చున్నాయి.

ఆ గుండెపోట్ల వెనక, పక్షవాతాల వెనక ఎక్కువగా ఉండేవి బీపీ, షుగర్. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం మన దేశంలో 10.1 కోట్లమందికి షుగర్ ఉంది. 31.5 కోట్లమందికి బీపీ ఉంది. ఇంతమందిని ఆసుపత్రిలో కూర్చుని కనిపెట్టలేం, ఎందుకంటే తమకు జబ్బుందని తెలియనివాళ్ళు ఆసుపత్రికి రారు.

"నాకేం లేదమ్మా, బానే ఉన్నాను" అనే మాట ఆశా కార్యకర్తలకు ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. అలా అనేవాళ్ళు అబద్ధమాడటం లేదు. వాళ్ళ ఒళ్ళే వాళ్ళకు చెప్పలేదు. మెడలోని రక్తనాళాల్లోనూ, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలోనూ ఒత్తిడిని కనిపెట్టే నాడీ కొసలు ఉంటాయి. ఒత్తిడి హఠాత్తుగా పెరిగితే అవి మెదడుకు కబురు పంపుతాయి, మెదడు దాన్ని తగ్గిస్తుంది. కానీ ఒత్తిడి నెలల తరబడి ఎక్కువగానే ఉంటే, ఆ నాడీ కొసలు ఆ ఎక్కువకే అలవాటు పడిపోతాయి. ఇక కబురు పంపవు. షుగర్ సంగతీ అంతే. రక్తంలోంచి వడకట్టిన గ్లూకోజును మూత్రపిండాలు మళ్ళీ వెనక్కి లాక్కుంటాయి. రక్తంలో షుగర్ అంకె సుమారు 180 దాటాకే వాటి చేత కాక, గ్లూకోజు మూత్రంలోకి దిగి తనతో నీటినీ లాక్కుపోతుంది. మాటిమాటికీ ఒంటికి వెళ్ళడం, దాహం వెయ్యడం అప్పుడే మొదలవుతాయి. పరగడుపున 126 అంటేనే షుగర్ జబ్బు. ఈ 126కీ ఆ 180కీ మధ్య ఏళ్ళ తరబడి ఉండిపోయేవాళ్ళు ఎందరో. వాళ్ళకు కళ్ళు, నరాలు, మూత్రపిండాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

అందుకే 2016-17 నుంచి, 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరినీ ఊళ్ళోనే పరీక్షించే పని మొదలైంది. 2005లో కాన్పులు ఆసుపత్రుల్లో జరిగేలా చూడటానికి, పిల్లల టీకాల కోసం తెచ్చిన ఆశా వ్యవస్థ మీద ఈ బరువు కూడా పడింది. ఆశా కార్యకర్త చేతిలో ఒక ఫారం, కొలత టేపు ఉంటాయి. వయసెంత, పొగాకు, మందు అలవాట్లున్నాయా, రోజూ ఎంత నడుస్తారు, అమ్మానాన్నల్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా అని అడుగుతారు. నడుము చుట్టుకొలత తీస్తారు. ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటితే మార్కులు పడతాయి. అన్ని జవాబుల మార్కులూ కలిపి 4 దాటినవాళ్ళను ముందుగా పరీక్షకు పంపాలి. మిగతావాళ్ళనూ పరీక్షించాల్సిందే.

బీపీ చూడటం తేలికపనిలా కనిపిస్తుంది. మిషను దానంతటదే బిగుసుకుని వదులవుతుంది, అంకె వస్తుంది. కానీ పల్లెటూరి ఇంట్లో ఆ అంకెను చెడగొట్టేవి చాలా ఉన్నాయి. మంచం మీద వెనకాల ఆనుకోకుండా కూర్చుని, చెయ్యి కిందికి వేలాడేస్తే అంకె పెరుగుతుంది. చెయ్యి గుండె ఎత్తుకు 10 సెంటీమీటర్లు కిందుంటే, ఆ ఎత్తు మేర రక్తం బరువు వల్లే 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. పక్కింటావిడతో మాట్లాడుతూ చూపించుకుంటే పెరుగుతుంది. అప్పుడే టీ తాగినా, చుట్ట కాల్చినా, ఒంటికి ఆపుకుని కూర్చున్నా పెరుగుతుంది. అయిదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద పెట్టించి, మాట్లాడొద్దని చెప్పి, రెండుసార్లు చూడాలి. 140/90 దాటితే ఇంకో రోజు మళ్ళీ చూడాలి. షుగర్ పరీక్షకూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. మామిడిపండు తిన్న చేతిని కడుక్కోకుండా వేలు గుచ్చితే, వేలికంటిన తీపిని కూడా స్ట్రిప్పు లెక్కేసేస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేస్తే గాలిలోని తేమకు అందులోని ఎంజైము పాడవుతుంది. ఇవన్నీ నేర్పడానికి ఒక్కరోజు శిక్షణ చాలదని నా గట్టి అభిప్రాయం.

సరే, జబ్బు కనిపెట్టాం. తరవాత?

ఈ ప్రశ్నకు ఒక జవాబు పశ్చిమ గోదావరి జిల్లాలోనే దొరికింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) కింద ఉన్న 54 పల్లెల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండెజబ్బు ముప్పు ఎవరికి ఎక్కువో లెక్కగట్టడం నేర్పారు. ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. వేలాదిమందిని పరీక్షించి ముప్పున్నవాళ్ళను గుర్తించగలిగారు. ఆ పని ఆశా కార్యకర్తలు చెయ్యగలరని రుజువైంది. కానీ బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ ఫలితాన్ని వైఫల్యమని పక్కన పెట్టేస్తే పెద్ద పొరపాటు. ట్యాబ్ జబ్బును చూపిస్తుంది. మందు రాయాల్సింది, దాన్ని పెంచాల్సింది, నెలనెలా ఇవ్వాల్సింది మరో చోట. ఆ చోట డాక్టరు ఉన్నారా, మందు ఉందా, కూలిరోజు పోగొట్టుకోకుండా అక్కడికి వెళ్ళిరాగలరా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

ఆ రెండో సగం కూడా కుదిరిన చోట్ల ఫలితం వేరుగా వచ్చింది. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి బీపీ చూసి, జాగ్రత్తలు చెప్పి, శిక్షణ పొందిన డాక్టర్ల దగ్గరికి పంపారు. రెండేళ్ళకు అక్కడి రోగుల బీపీలో పై అంకె, మామూలు వైద్యం అందిన పల్లెలతో పోలిస్తే 5 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. చైనాలో ఇంకో అడుగు ముందుకు వేశారు. 326 పల్లెల్లో చేసిన పరిశోధనలో, సగం పల్లెల్లోని గ్రామ వైద్యులకు పైడాక్టర్ల పర్యవేక్షణలో మందు మొదలుపెట్టే, పెంచే వీలిచ్చారు. ఏడాదిన్నరకు ఆ పల్లెల్లోని బీపీ రోగుల్లో 57 శాతం మందికి అది 130/80 కిందికి వచ్చింది. మిగతా సగం పల్లెల్లో అది 20 శాతమే. మూడేళ్ళకు, ఆ మిగతా పల్లెలతో పోలిస్తే గుండెపోట్లు, పక్షవాతాల వంటివి మూడోవంతు తగ్గాయి.

మన దగ్గరా దీనికి దారి పడింది. 2017లో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమానికి తొలి విడతలో ఎంచుకున్న అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఏ మందుతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే ఏది కలపాలి అన్నది అన్ని ఆసుపత్రులకూ ఒకే వరసలో రాసిపెట్టారు. మందుల రకాలు తక్కువైతే కొనడం తేలిక, నిల్వ ఉంచడం తేలిక. సాధారణంగా మొదట ఇచ్చేది ఆమ్లోడిపిన్. చవకైన మందు, బాగా పనిచేస్తుంది. కొందరికి మాత్రం పాదాలు, చీలమండలు వాస్తాయి. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. చెప్పేవాళ్ళే తక్కువ. ఎక్కువమంది మాత్ర మానేసి ఊరుకుంటారు.

ఒక ఇంటిని ఊహించుకోండి. ఆశా కార్యకర్త నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చుంది. మిషను ఇంకా సంచిలోంచి తియ్యలేదు.

"మామ్మగారూ, మాత్రల షీట్లు ఒకసారి పట్రండి."

మూడు షీట్లు, ముప్పై మాత్రలు ఇచ్చారు. పదకొండు అలాగే ఉన్నాయి.

"పాదాలు పొంగుతున్నాయమ్మా. అదీగాక మొన్న చూస్తే బీపీ లేదన్నారు కదా, ఇంకెందుకని ఆపేశాను."

"బీపీ లేకపోవడం కాదు మామ్మగారూ, మాత్ర వేసుకున్నారు కాబట్టి దిగింది. ఏదీ, కాలు ఇలా చాపండి."

ఆమె చీలమండ పైన బొటనవేలితో నొక్కి వదిలింది. సొట్ట పడి, మెల్లగా పూడింది. ఆ సంగతి పుస్తకంలో రాసుకుని, పీహెచ్‌సీలో డాక్టరుగారు ఉండే రోజు చెప్పి, తనే వెంట వస్తానంది. ఆ తరవాత సంచిలోంచి మిషను తీసింది.